వలలు బాగుచేయు కాలము

చదువవలసిన వాక్యభాగములు: లూకా 22:54-62, యోహాను 21:1-19, గలతీయులకు 6:1-2



శ్రమకాల దినములు గడచి పునరుత్థాన పండుగ వచ్చు ఈ వసంతకాలములో వేపచెట్లు పూత పట్టుచున్నవి, మామిడి పిందె కట్టుచున్నది. పంట ఇంటికి చేరి, ఎండలు ముదురకమునుపు పల్లెవారు కొంచెము ఊపిరి తీసికొను కాలమిది. ఇట్టి దినములలో తెల్లవారుజామున నీటి ఒడ్డున నడచుట శరీరమునకును మనస్సునకును మేలు. మేము వీలైనప్పుడెల్ల చిన్న కెమెరా ఒకటి చేతపట్టుకొని భీమునిపట్నము సముద్రపు ఒడ్డున నడచుట వాడుక. ఇది వట్టి కాలక్షేపమని కొందరు తలంచవచ్చును. అయితే చిత్రము తీయుటకు నిలిచి చూచువాడు, నడచి పోవువానికంటె కొంత ఎక్కువగా చూచును. అట్లు చూచి నేర్చుకొనిన మూడు సంగతులను అపొస్తలుడైన పేతురు జీవితముతో కలిపి ఈ నెల మీ యెదుట ఉంచగోరుచున్నాము.

భీమునిపట్నమును మనవారు భీమిలి అందురు. విశాఖపట్నమునకు ఉత్తరముగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున, గోస్తనీ నది బంగాళాఖాతములో కలియు చోట ఈ చిన్న పట్టణము ఉన్నది. 17వ శతాబ్దములో హాలెండు దేశపు వర్తకులైన డచ్చివారు ఇక్కడ స్థావరము ఏర్పరచుకొనిరి. 1825లో అది ఆంగ్లేయుల వశమాయెను. డచ్చివారి సమాధులు నేటికిని అక్కడ ఉన్నవి. 1861లో ఇక్కడ పురపాలక సంఘము ఏర్పడెను. పూర్వము ఓడలు దూరముగా లంగరు వేసికొని యుండగా, పడవలమీద సరకును వాటికి చేరవేసెడివారు. మన పొలములలో పండు గోగునారకు పరదేశములలో 'బిమ్లి జూట్' అను పేరు వచ్చినది ఈ రేవు వలననే. నేడు ఆ ఓడలు లేవు. పాత దీపస్తంభము నిలిచియున్నది, ఇసుకమీద జాలరుల పడవలు వరుసగా ఉన్నవి. ఆ ఓడల కాలములో ఎవడైన ఒక చిత్రము తీసి, "భీమిలి అనగా ఇదియే" అని చెప్పియుండిన, ఆ మాట అబద్ధము కాదు; అయినను ఆ ఊరి కథ అంతటితో ముగియలేదు.

మొదటి సంగతి: ఒక్క క్షణము మనుష్యుని జీవితమంతయు కాదు.

1838లో దగేర్ అను ఫ్రెంచివాడు పారిస్ నగరములోని ఒక పెద్ద వీధిని మేడ మీదినుండి చిత్రము తీసెను. ఆ వీధిలో బండ్లును జనమును తిరుగుచునే యుండిరి. కాని ఆనాటి పలకమీద రూపము నిలుచుటకు కొన్ని నిమిషములు పట్టెడిది గనుక, కదలినవారెవ్వరును అందులో పడలేదు. వీధి నిర్జనమైనట్లు కనబడినది. జోళ్లు తుడిపించుకొనుటకై నిలిచిన ఒక మనుష్యుడును, వాటిని తుడిచినవాడును మాత్రమే అందులో మిగిలిరి. నేటి కెమెరా అట్లు కాదు. సెకనులో 250వ వంతు కాలములోనే అది పని ముగింపగలదు. ఆనాటిది కదలువారిని విడిచిపెట్టెను. నేటిది వారి కదలికలో ఒక్క తునకను పట్టుకొని తక్కినదంతయు విడిచిపెట్టుచున్నది.

భీమిలి ఒడ్డున అలివి వల లాగునప్పుడు దీనిని తేటగా చూడవచ్చును. వలకు రెండు వైపుల తాళ్లుండును. ఒక్కొక్క తాటిని పలువురు పట్టుకొని, మడమలు ఇసుకలో దిగునట్లు వెనుకకు వంగి లాగుదురు. ఒక ఉదయమున మేము తీసిన చిత్రములో ఒక యౌవనస్థుని ముఖము పండ్లు బిగించి కోపముతో మండుచున్నట్లు పడినది. ఆ చిత్రము మాత్రమే చూచినవాడు, ఇతడు ఎవనినో కొట్టబోవుచున్నాడని చెప్పును. నిజమునకు మరు క్షణముననే అతడు ప్రక్కవానితో నవ్వుచుండెను. ఆ ముఖము కోపము కాదు, బరువు.

చేపల తట్ట దించుకొని కూర్చున్న ఒక వృద్ధురాలిని, "అమ్మా, నీ ఫొటో తీసికొనవచ్చునా?" అని అడిగితిమి. "నా మొగం ఏటి తీస్తారు బాబూ, చేపల్ని తియ్యండి" అని నవ్వెను. మరల ఆమెయే, "పోనీ, ఒకటి తియ్యండి. ఆధార్ కార్డు మీద బొమ్మ చూస్తే మా మనవడే నన్ను గురుతు పట్టడు" అనెను. ప్రక్కనున్న స్త్రీలందరు నవ్విరి. మనలో అనేకుల కార్డుల సంగతియు అంతే గదా! ప్రభుత్వపు కార్డు మీద మన ముఖమే యున్నది, మన పేరే యున్నది. అయినను, "ఇది నేను కాను" అని మనకే తోచుచుండును. మన విషయములో ఇంత బాగుగా తెలిసిన ఈ సత్యము పొరుగువాని విషయములో ఎందుకు మరచిపోవుదుము?

ఇప్పుడు పేతురును చూడుడి. చలిరాత్రి. ప్రధానయాజకుని ముంగిట మంట వేసిరి. పేతురు వారి నడుమ కూర్చుండెను. ఆ మంట వెలుగులోనే ఒక పనికత్తె అతని ముఖమును తేరి చూచి గుర్తుపట్టెనని లూకా వ్రాయుచున్నాడు. మూడుమారులు అతడు తన ప్రభువును ఎరుగననెను. మార్కు సువార్త ప్రకారము శపించుకొని ఒట్టుకూడ పెట్టుకొనెను. ఆ సమయమున అక్కడ ఎవని చేతిలోనైన నేటి ఫోను ఉండియుండిన ఏమి జరుగును? తెల్లవారులోగా ఆ చిత్రము యెరూషలేము వీధులన్నిటికిని, గలిలయ పల్లెలన్నిటికిని పోయెడిది. "పండ్రెండుమందిలో ముఖ్యుడట, చూడుడి" అని క్రింద ఎవడో ఒక మాట చేర్చెడివాడు. పెంతెకొస్తు దినమున పేతురు ప్రసంగించుటకు నిలువబడగా, ముందు వరుసలోనివాడు ఆ చిత్రమును తీసి ప్రక్కవానికి చూపెడివాడు.

నాలుగు సువార్తలును పేతురు బొంకును దాచలేదు. సంఘము ఆ చిత్రమును చింపివేయలేదు. కాని దానినే కడపటి చిత్రముగా ఉంచలేదు. దాని తరువాత ఒక సరస్సు ఒడ్డు ఉన్నది, ఒక ఉదయము ఉన్నది. ఒక పతనము ఎంత నిజమైనను, అది మనుష్యుని కథకు ముగింపు అని చెప్పుటకు మనకు అధికారము లేదు.

రెండవ సంగతి: మనము నిలిచిన చోటునుబట్టి పొరుగువాని ముఖము కనబడును.

భీమిలిలో సూర్యుడు సముద్రమువైపునుండి ఉదయించును. ఆ వేళ ఇసుకమీద నిలిచి సముద్రమువైపు చిత్రము తీసినయెడల ఆకాశము బంగారమువలె పడును. అయితే మన ఎదుట నిలిచిన మనుష్యుడు వట్టి నీడగా పడును. కన్నులు కనబడవు, నవ్వు కనబడదు, ముసలివాడో పడుచువాడో తెలియదు. వెలుగు అతని వెనుక నున్నందున అతని ముఖము చీకటిలో పడినది. లోపము అతని ముఖములో లేదు, మనము నిలిచిన చోటిలో ఉన్నది. నాలుగు అడుగులు నడచి, అలల అంచువరకు దిగి, అక్కడనుండి ఒడ్డువైపు తిరిగి చూచినయెడల, అదే మనుష్యుని ముఖముపై ఉదయపు వెలుగంతయు పడును. అయితే అట్లు చేయువాని కాళ్లు తడియును. కాళ్లు తడువకుండ మంచి చిత్రము కావలెనన్న దొరకదు.

సంఘములోను అంతే. దూరముగా, గట్టుమీద నిలిచి చూచినప్పుడు పడిపోయిన సహోదరుడు ఒక నల్లని నీడ. "త్రాగుబోతు", "అప్పు ఎగగొట్టినవాడు", "ఇల్లు విడిచి వచ్చినది" అను ఒక్కొక్క మాటతో సరి. అతని ఇంటికి పోయి, నులకమంచము మీద కూర్చుండి, అతని పిల్లలు ఏమి తినిరో అడిగినవానికి అతని ముఖము కనబడును. అందుకు మన సమయము పోవును, ఒక్కొక్కప్పుడు పేరుకూడ పోవును. మన కాళ్లు తడియును.

మన ప్రభువు పేతురును ఎక్కడ కలిసికొనెను? ఆ ముంగిటికి అతనిని పిలిపింపలేదు. పేతురు పనిచేయు ఒడ్డునకే ఆయన వచ్చెను. అదియు వసంతకాలమే, పస్కా పండుగ గడచిన దినములు. గలిలయ ప్రాంతమున చలికాలపు వానలు వెలిసి కొండలు పచ్చబడి పూలు పూయు కాలమది. ఆ సరస్సు సుమారు 21 కిలోమీటర్ల పొడవు, వెడల్పైన చోట 13 కిలోమీటర్లు. 1986లో కరవువలన అక్కడ నీరు తగ్గగా, బురదలోనుండి యేసు కాలమునాటి చేపల పడవయొకటి బయటపడెను. దాని పొడవు సుమారు 8 మీటర్లు. మన తీరములలోని పడవలను చూచినవారు ఆ పడవను సులభముగా ఊహించుకొనగలరు. అట్టి పడవలో ఏడుగురు శిష్యులు రాత్రియంతయు వేటాడిరి, ఏమియు పడలేదు. తెల్లవారునప్పుడు ఒడ్డున ఒకడు నిలిచియుండెను. పడవకును ఒడ్డునకును ఇంచుమించు 200 మూరల దూరము, అనగా సుమారు 90 మీటర్లు. ఆయన యేసని వారు గుర్తుపట్టలేదు.

ఒడ్డునకు వచ్చి వారు చూచినదేమి? బొగ్గుల మంట. యోహాను గ్రీకు భాషలో వాడిన ఆ మాట అతని సువార్తలో రెండే చోట్ల ఉన్నది. ఒకటి 18వ అధ్యాయములో, పేతురు బొంకిన ముంగిట. రెండవది 21వ అధ్యాయములో, ఈ ఒడ్డున. ఆ మంటను చూచినప్పుడు పేతురు గుండె ఎట్లుండెనో, ఎన్నడైన తప్పిపోయి తిరిగి వచ్చినవారికే తెలియును. అయితే మొదటి మంటను శత్రువుల యింటివారు వేసికొనిరి. ఈ మంటను ప్రభువే వేసెను. మొదటి మంటయొద్ద పేతురు చలి కాచుకొనెను. ఈ మంటమీద అతని కొరకు చేపలును రొట్టెయు ఉండెను. ప్రభువు ముందుగా ఆకలి తీర్చెను, తరువాతనే ప్రశ్న అడిగెను. మూడుమారులు ఎరుగననిన నోటినే, ప్రేమించుచున్నావా అని మూడుమారులు అడిగెను. తప్పును మరుగుపరచలేదు, నలుగురికి చూపి నవ్వనులేదు. అతని చేతికి పని అప్పగించెను: తన గొఱ్ఱెలను మేపు పని.

మూడవ సంగతి: చిరిగిన వలను పారవేయరు, బాగుచేయుదురు.

మన తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలతో వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధియగుటకై ప్రభుత్వము విధించిన విరామమిది. ఆ దినములలో భీమిలి ఒడ్డున నడచినవానికి పడవలు ఇసుకమీద కనబడును. తాటాకు పాకల క్రింద, చెట్ల నీడలలో జాలరులు కూర్చుండి, వలను మోకాళ్లమీద పరచుకొని, కాలి బొటనవ్రేలికి ఒక కొస తగిలించుకొని, చిరిగిన కన్నులను ఒక్కొక్కటిగా వెదకి కుట్టుచుందురు. వేటలేని కాలము కుటుంబమునకు ఇబ్బంది కాలమే. అయినను చేతులు ఊరకుండవు. ఒక పెద్దాయనను, "ఇంత చిరిగినదానికంటె క్రొత్తది కొనుట మేలు కాదా?" అని అడుగగా, ఆయన తలయెత్తకయే, "మంచి వల బాబూ, కన్నం పడితే వలది తప్పా?" అనెను.

యాకోబు యోహానులను ప్రభువు పిలిచినప్పుడు వారు వలలు బాగుచేసికొనుచుండిరని మత్తయియు మార్కును వ్రాయుచున్నారు. ఆ బాగుచేయుటకు గ్రీకు భాషలో ఏ మాట వాడిరో, ఆ మాటనే పౌలు గలతీయుల పత్రిక 6వ అధ్యాయములో వాడెను. తప్పిదములో చిక్కుకొనిన సహోదరుని ఆత్మసంబంధులు సాత్వికముతో సరిచేయవలెనని చెప్పు చోట అదే మాట యున్నది. కావున తప్పిపోయినవానిని తిరిగి నిలువబెట్టుట అనునది వల కుట్టుటవంటి పని. అది కూర్చుండి చేయవలసిన పని. ఒక్కొక్క కన్నమును వెదకవలెను. లాగి కుట్టినయెడల ప్రక్కది తెగును, అందుకే సాత్వికము కావలెను. ఒకనాటితో ముగియదు. అయితే పని ముగిసిన తరువాత ఆ వలయే మరల సముద్రములో దిగును.

ప్రియులారా, ఇప్పుడు మన పల్లెలకు వత్తము. మునుపు ఫొటో అనగా పెండ్లికో పండుగకో పట్టణమునుండి స్టూడియోవాడు రావలసియుండెడిది. నేడు కెమెరాలేని ఇల్లు అరుదు. చేతిలోని ఫోనే కెమెరా. దూరదేశమందున్న కుమారుని ముఖము తల్లి చూచుచున్నది; మంచమెక్కిన వృద్ధునికి మనుమరాలి పెండ్లి కనబడుచున్నది. ఈ మేలు కొరకు దేవుని స్తుతింతము. అయితే అదే ఫోనుతో త్రాగి పడియున్నవానిని తీసి వాట్సాప్‌లో పంపి నవ్వుచున్నారు. కాలువ రేవున స్నానము చేయు స్త్రీని చాటునుండి తీయుచున్నారు. ఒక చిన్నది ఎవరితోనో మాటలాడుచుండగా తీసి, ఊరంతటికి పంచి, ఆమె చదువును పెండ్లి సంబంధమును చెడగొట్టుచున్నారు. సిగ్గు భరింపలేక ప్రాణము తీసికొనదలచు వయస్సు అది అని పంపినవారు ఆలోచించుచున్నారా? స్త్రీయొక్కగాని పురుషునియొక్కగాని మరుగు శరీరమును వారి సమ్మతి లేక చిత్రము తీయుటయు, ఇతరులకు పంపుటయు మన దేశములో 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66ఇ సెక్షను క్రింద నేరము. మూడేండ్ల వరకు ఖైదుగాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని శిక్ష కలదు. యౌవనస్థులకు తలిదండ్రులు ఈ సంగతి తెలియజెప్పవలెను. అయితే చట్టమునకు చిక్కని పాపములును కలవు. తీసినది ఎవడో కావచ్చును. నవ్వి ముందుకు పంపిన వ్రేలు మనదైనయెడల లెక్క చెప్పవలసినది మనమే.

ఫోను లేనివారికిని ఈ ఆజ్ఞ వర్తించును. మన మనస్సులోను ఒక ఆల్బము ఉన్నది. ఫలాని సహోదరుడు 15 ఏండ్ల క్రిందట సంఘపు సొమ్ము విషయములో తప్పెను. ఒప్పుకొనెను, తిరిగి చెల్లించెను. అయినను అతడు ప్రార్థన చేయుటకు లేచినప్పుడు మనము ఆ పాత ఫొటోనే తీసి చూచుచున్నాము. ఫలాని కోడలు వచ్చిన క్రొత్తలో ఒకమాట అనినది. ఆమెకు ఇప్పుడు మనుమలు పుట్టినను అత్తవారి యింట ఆ మాటయే గోడకు వ్రేలాడుచున్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. క్షమాపణ అనగా నేరమును కప్పిపుచ్చుట కాదు. స్త్రీలకుగాని పిల్లలకుగాని హాని చేసినవానిని, "సంఘము పరువు" అను పేరిట దాచుట ప్రేమ కాదు. దెబ్బ తినినవారిమీద అది రెండవ దెబ్బ. అట్టి చోట సత్యము పలుకవలెను, పోలీసులకు తెలుపవలెను, హాని పొందినవారి ప్రక్కన నిలువవలెను. ప్రభువును పేతురును ప్రశ్నింపక విడిచిపెట్టలేదు. కన్నము చూడనివాడు వలను కుట్టలేడు. కాని కన్నము చూపి పోవుటకే వచ్చువాడు జాలరి కాడు.

కావున ఈ వసంతకాలములో మూడు పనులు చేయుదము. ఇతరుల ముఖమును తీయకమునుపు అడుగుదము. వారిని సిగ్గుపరచు చిత్రము మనయొద్దకు వచ్చినయెడల అది మనయొద్దనే ఆగిపోవునట్లు తుడిచివేయుదము. అయితే అది ఎవరికైన జరిగిన హానికి సాక్ష్యమైనయెడల, ఎవ్వరికిని పంపక పోలీసులకు చూపుదము. రెండవది, మన మనస్సులో ఒక పాత చిత్రముగా నిలిచిపోయిన ఒకరి యింటికి ఈ నెలలో నడచి పోదము. ఉపన్యాసము వద్దు, కూడ కూర్చుండి భోజనము చేయుదము, ఏలయనగా ప్రభువును అట్లే మొదలుపెట్టెను. మూడవది, తిరిగి వచ్చినవారికి వెనుక బల్లమీద చోటు చూపి ఊరకుండక, వారు మోయగల పని ఒకటి వారి చేతికి ఇత్తము. పని ఇచ్చుటయే నమ్మితిమనుటకు గురుతు.

ప్రార్థన: కృపగల ప్రభువా, మా జీవితములోని అతి చెడ్డ క్షణమును నీవు చూచితివి, అయినను అక్కడనే మమ్మును విడిచిపెట్టలేదు. నీవు మమ్మును చూచినట్లు మా సహోదరులను చూచు కన్నులు మాకు దయచేయుము. కాళ్లు తడుపుకొను మనస్సును, కూర్చుండి కుట్టు ఓర్పును మా సంఘములకు అనుగ్రహింపుము. సిగ్గుతో తల వంచుకొనియున్నవారికి నీ ఒడ్డున మంటయు రొట్టెయు సిద్ధముగా ఉన్నవని మా చేతులద్వారా తెలియజేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.